రేగుబావి దగ్గర ఇరవై నాలుగో గొంతు

ఖతార్‌లో అల్ ఖోర్ దాటి ఉత్తరంగా ఇంకో అరగంట పోతే, మెయిన్ రోడ్డు మీంచి ఎడమకి ఓ మట్టిదారి దిగుతుంది. ఆ దారి చివర ఓ పల్లె. పట్టుమని పాతిక ఇళ్ళు, చిన్న మసీదు, ఖర్జూరం తోటలు, గాలి ఆపడానికి వరసగా వేసిన చెట్లు, మేకల దొడ్లు. ఊరి అవతలి కొసన సగం కూలిన రాతి ఇల్లు, దాని పక్కన పెద్ద రేగుచెట్టు, చెట్టు కింద బావి.

ఆ బావికి చెడ్డపేరుంది. పొద్దుగూకాక అటు వెళ్ళకూడదు. వెళ్ళినా ఆగకూడదు. ఆగినా... ఎవరైనా పిలిస్తే పలకకూడదు.

ఇదంతా ఆ పల్లెవాళ్ళు చెప్పింది కాదండోయ్. వాళ్ళు తాతల నాటినుంచీ ఆ నీళ్ళే తాగుతున్నారు. చెప్పింది మనవాళ్ళు. దోహా నుంచి గంటకి పైగా కార్లు తోలుకుని, ఫ్లాస్కుల్లో టీ పోసుకుని, పిల్లలకి ట్రాక్ సూట్లు తొడిగి, 'ఫ్యామిలీ ఫ్రెండ్లీ కంట్రీసైడ్ వాక్' అని పోస్టరు వేసుకుని మరీ వెళ్ళిన మనవాళ్ళు. ఎడారికి పోయినా వెంట ఓ దెయ్యాన్ని తీసుకెళ్ళందే మనకి తోచదు.

ఆ పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి.

మొన్న నవంబరులో మొదటి వాక్. గ్రూపుకి పెద్ద సత్యనారాయణమూర్తి. లుసైల్‌లో పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీ ఆయనది. ఇరవై రెండేళ్ళుగా ఖతార్‌లో ఉన్నాడు కాబట్టి తనకి అరబ్బీ వచ్చని ఆయన నమ్మకం. ఆయన భార్య సీతాలక్ష్మి నమ్మకం కూడా అదే. అరబ్బులకి మాత్రం ఆ సంగతి ఇంకా తెలీదు.

ఆ సాయంత్రం తోట గేటు ముందు కుర్చీ వేసుకుని ఓ ముసలావిడ కూర్చుని ఉంది, ఆ పల్లె మనిషే. వీళ్ళ గుంపుని చూసి చెయ్యెత్తి బావివైపు చూపించి, నిదానంగా ఓ మాటంది.

"ఫీ మాయ్... దాయిం."

మూర్తిగారు నిలబడిపోయాడు. మాఫీ అంటే లేదు, ఫీ అంటే ఉంది. అది నిన్న ఫ్లైటు దిగినవాడికీ తెలుసు. మరి ఉన్నదేమిటి? మాయ్ దాయిం. మాయ... దెయ్యం.

"మాయదెయ్యం ఉందంటోంది," అన్నాడు గొంతు తగ్గించి.

అరబ్బు ముసలావిడకి తెలుగు ముక్క ఎలా వచ్చింది సార్ అని అడిగినవాడు అక్కడ ఒక్కడే, జాషువా. దానికి సీతాలక్ష్మి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: ఆ దెయ్యమే తెలుగుదై ఉంటుంది, అందుకే ఆవిడకి ఆ మాట అలవాటైంది. అంతే. ఇక చర్చ దెయ్యం ఉందా లేదా అని కాదు, దానిది ఏ జిల్లా అని. గోదావరి వాళ్ళు, మావైపు మనుషులు చచ్చాక ఇలా ఊళ్ళు పట్టుకు తిరగరన్నారు. హైదరాబాదు వాళ్ళు, మాకంత తీరిక ఎక్కడిదన్నారు. చివరికి ఎవరూ మాదనక, దాన్ని దిక్కులేనిదాన్ని చేసి వదిలేశారు.

ఆ మర్నాటినుంచి వాట్సాప్ గ్రూపులో ఇదే పని. ఒకరికి బావి దగ్గర నల్లటి ఆకారం కనిపించింది. ఇంకొకరికి వెనకనుంచి ఎవరో "అమ్మా" అని పిలిచినట్టు వినిపించింది. రెండో వాక్‌లో ఇద్దరికి వినిపించింది, మూడో వాక్‌కి ఏడుగురికి. ఏ ఫోనులోనూ రికార్డు కాలేదు. బిర్యానీ ఫోటోలు మాత్రం శుభ్రంగా వచ్చాయి.

జాషువాకి ఒళ్ళు మండేది. అతనిది నరసాపురం. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరు. దెయ్యాల్లేవు, గ్యాస్ లీకులున్నాయి అనేవాడు. రెండు కిలోమీటర్లు నడిచి రెండు రోజులకి సరిపడా తినే ఈ జనాన్ని చూస్తే అతనికి చులకన. అయినా ఈ వాక్‌ల బరువంతా అతనే మోసేవాడు. దారి చూడ్డం, మనుషుల్ని లెక్కపెట్టడం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె మొయ్యడం, అన్నీ అతనే. పక్షానికోసారి వాక్ ఉండే శుక్రవారం డ్యూటీ పడితే, రెండు నైట్ షిఫ్టులు ఎదురిచ్చి మార్చుకునేవాడు.

ఎందుకంటే, పెర్సిస్ కోసం.

పెర్సిస్ అతని భార్య. పోయిన మే నెలలో ఆమెకి ఆర్నెల్ల కడుపు పోయింది. అప్పట్నించీ అల్ ముంతజాలో ఆ ఏడో అంతస్తు ఫ్లాటే ఆమె లోకం. చర్చికి రాదు, బజారుకి రాదు. అడిగిన దానికి జవాబు చెప్తుంది, అంతే. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు వయసుందిగా, మళ్ళీ పుడతార్లే అన్నారు. దేవుడి చిత్తమన్నారు. ఆ మాటలకి ఆమె తల ఊపేది, టీ ఇచ్చేది, వాళ్ళు వెళ్ళాక గంటలకొద్దీ బాల్కనీలో నిలబడి కిందికి చూస్తూ ఉండేది. ఓరోజు జాషువా డ్యూటీకి వెళ్ళేముందు ప్లాంటు నుంచి తెచ్చిన కేబుల్ టై ఒకటి తీసి బాల్కనీ తలుపు గడియకి బిగించేశాడు. ఆమె చూసింది. ఏమీ అడగలేదు. ఆ భయం పేరు ఇద్దరి మధ్యా ఎవరూ ఎత్తలేదు.

అలాంటి మనిషి, ఆ నవంబరు వాక్ అయ్యాక తిరుగుదారిలో కారు అద్దం దించి, "గాలి బాగుంది," అంది.

రెండే రెండు మాటలు. ఆ రెండు మాటల కోసం సత్యనారాయణమూర్తి అరబ్బీని జన్మంతా భరించడానికైనా జాషువా సిద్ధపడ్డాడు.

అందుకే జనవరిలో ఐదో వాక్ ముందు, వద్దులెండి మానేద్దామని గ్రూపులో మెసేజీలు మొదలైతే అతనికి కాళ్ళకింద నేల కదిలినట్టయింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బతిమాలాడు. మూర్తిగారు చివరికి దయదలిచి, సరే, ఈ ఒక్కసారీ చూద్దాం, ఏదైనా తేడా వస్తే మాత్రం ఇక వాక్‌లు బంద్ అని తీర్పు చెప్పాడు.

ఆ శుక్రవారం ఇరవై ముగ్గురు వచ్చారు. జాషువా పార్కింగులో లెక్కపెట్టి మరీ బయల్దేరదీశాడు. నాలుగింటికి బయల్దేరి, తోటల చుట్టూ తిరిగి, వెలుతురు ఉండగానే రేగుబావి దాటేయాలని ఏర్పాటు. కానీ మనవాళ్ళని వేళకి నడిపించడం ఎవరి తరం? మేకతో ఫోటో, ట్రాక్టరుతో ఫోటో, మేకా ట్రాక్టరూ కలిసొచ్చేలా ఇంకో ఫోటో. సూర్యుడు దిగిపోయాడు. మసీదులో పొద్దుగూకే వేళ పిలిచే మగ్రిబ్ బాంగు అయిపోయింది. గుంపు చివరి మలుపు తిరిగేసరికి ఆరుంపావు, కటిక చీకటి.

ముందు... రేగుచెట్టు. చీకట్లో చీకటి ముద్దలా ఉంది.

ఎప్పుడూ ఫోటోల కోసం అందరికన్నా ముందు నడిచే మూర్తిగారికి ఆ క్షణంలో సేఫ్టీ గుర్తొచ్చింది. ఇలాంటి చోట సేఫ్టీవాడే ముందుండాలని జాషువాని ముందుకి తోశాడు. తను వరస మధ్యకి సర్దుకున్నాడు. ముందునుంచి వచ్చినా వెనకనుంచి వచ్చినా తనదాకా రావడానికి టైము పడుతుంది కదా. సీతాలక్ష్మి ఫోన్లలో లైట్లన్నీ ఆర్పించింది. వెలుతురు చూస్తే ఆవిడ, అంటే ఆ దెయ్యం, వస్తుందట. ఎప్పుడూ వెనక నడిచే జాషువా ముందుకి రావడంతో, పెర్సిస్ ఒక్కతే వరస చివర మిగిలిపోయింది.

ఒకరి వెనక ఒకరు. ఒక్కరూ మాట్లాడట్లేదు. ఇసకలో బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు... వెనకనుంచి ఓ నవ్వు వినిపించింది.

చిన్న నవ్వే. జాషువా వెంటనే గుర్తుపట్టాడు. అది పెర్సిస్ నవ్వు. ఎనిమిది నెలలైంది ఆ నవ్వు విని. తర్వాత మాటలు కూడా, గుసగుసగా... ఎవరితోనో... ఏదో అడుగుతోంది, ఏదో చెప్తోంది. తిరిగి చూస్తే ఎక్కడ ఆగిపోతుందోనని అతను తిరగలేదు. ఎవరో మహాతల్లి నా భార్యని మాట్లాడించింది, ఆమెకి పుణ్యముంటుంది అనుకుంటూ నడిచాడు. చలిగాలిలో కళ్ళు తుడుచుకున్నాడు.

కానీ ఆ నవ్వు అతనొక్కడికే సంతోషం. మధ్యలో ఉన్నవాళ్ళకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"జాషువా," అన్నాడు మూర్తిగారు గాలిలాంటి గొంతుతో, "లెక్క... లెక్క చూడవయ్యా."

సరిగ్గా బావికి ఎదురుగా ఆగారు. వాళ్ళకీ బావికీ మధ్య వంద అడుగులుంటాయి. జాషువా ప్లాంటులో చేయించినట్టే చేయించాడు. అలారం మోగితే అక్కడ ఎవరి ముఖమూ చూడరు. వరసగా అంకెలు చెప్పుకుంటూ పోవాలి, చివరి అంకెతో సరిపోవాలి. తనే ఒకటి అన్నాడు.

రెండు. మూడు. నాలుగు... పిల్లలు సరదాగా అరిచారు, తల్లులు నోళ్ళు మూశారు. పదకొండు మూర్తిగారిది, సగమే బయటికొచ్చింది. పన్నెండు సీతాలక్ష్మి. అంకెలు చీకట్లో వెనక్కి వెనక్కి వెళ్ళాయి. ఇరవై ఒకటి... ఇరవై రెండు...

"ఇరవై మూడు," అంది పెర్సిస్.

జాషువా ఊపిరి వదిలాడు. అందరూ ఉన్నారు. ఇక కదలండి అనబోయాడు —

"ఇరవై నాలుగు."

మెత్తటి గొంతు. ఆడగొంతు. ఎవరికీ తెలియని గొంతు.

ఒక్క క్షణం ఏమీ లేదు. గాలి కూడా లేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరి నోట విన్నా ఒక్కటే చెప్తారు: నేను పిల్లల్ని కాపాడే పనిలో ఉన్నాను అని. నిజానికి అందరూ కాళ్ళకి బుద్ధి చెప్పారు. మోకాళ్ళ నొప్పని నాలుగు వాక్‌లలో కుంటుకుంటూ నడిచిన సీతాలక్ష్మి అందరికన్నా ముందు కారు చేరింది. మూర్తిగారి చెప్పు ఒకటి ఆ ఇసకలోనే ఉండిపోయింది. తల్లులు పిల్లల్ని చంకన వేసుకున్నారు, తీరా చూస్తే ఒకామె చంకలో పక్కింటివాళ్ళ పిల్ల ఉంది.

మరి జాషువా? దెయ్యాల్లేవు, గ్యాస్ లీకులున్నాయి అన్న జాషువా?

అతనూ పరిగెత్తాడు. దాచడమెందుకు. తల ఆలోచించేలోపే కాళ్ళు పరిగెత్తాయి. పార్కింగు చేరి, కారు బానెట్ మీద చేతులాన్చి, రొప్పుతూ అలవాటు కొద్దీ తనతో కలిపి తలలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. మళ్ళీ పెట్టాడు. ఇరవై రెండే.

పెర్సిస్ లేదు.

భార్యని చీకట్లో, బావి పక్కన వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. వరసలో ఆఖరు మనిషి వచ్చేదాకా కదలకూడదని వెయ్యిమందికి పాఠాలు చెప్పినవాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

వెనక్కి తిరిగాడు. మూర్తిగారు చెయ్యి పట్టుకున్నాడు. తొందరపడొద్దు, ఎవరినైనా పిలుద్దాం, ఆవిడకి కోపం తెప్పించొద్దు అన్నాడు. సీతాలక్ష్మి కారు అద్దం కాస్త దించి, జాలి నిండిన గొంతుతో చెప్పింది: "కడుపు పోయిన పిల్ల... ఎనిమిది నెలలు నోరు విప్పనిది, ఇవాళ నవ్విందంటే... నవ్వింది పెర్సిస్ కాదు, జాషువా. ఆ తల్లి ఎవరో, ఈ పిల్లని ఎంచుకుంది."

అతను చెయ్యి విదిలించుకుని నడిచాడు. ఒక్కరంటే ఒక్కరు వెంట రాలేదు. కారు తలుపులు లాక్ అయిన చప్పుడు మాత్రం వరసగా వినిపించింది.

మూడు వందల గజాల దారి. ఫోన్ లైటు వేశాడు, అది అడుగు దూరం కూడా చూపించట్లేదు. అతని భయం దెయ్యం గురించి కాదు. అతని భయం బావి గురించి. ఈ దారిలో ఉన్న గుంటలు, ముళ్ళకంచె, తోట కుక్క, అన్నీ కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. ఆ బావికి మూత ఉందో లేదో మాత్రం రాసుకోలేదు. దెయ్యం లేదని ఇంతమంది ముందు దబాయించినవాడు, ఒక్కసారి దగ్గరికెళ్ళి ఆ బావిని చూసిన పాపాన పోలేదు. ఎందుకు వెళ్ళలేదు? ఎండ అనుకున్నాడు, టైము లేదనుకున్నాడు. ఇప్పుడు అడుగుతోంది అతని మనసు... నీక్కూడా భయమేనా అని.

ఏడో అంతస్తు బాల్కనీ కళ్ళముందు ఆడింది.

"పెర్సిస్," అన్నాడు. ఫోను ముందుకి చాపాడు.

రేగుచెట్టు కిందనుంచి ఇనుము రాతికి తగిలిన చప్పుడు. ఆగింది. మళ్ళీ తగిలింది. ఆ వెంటనే... నీళ్ళలో ఏదో పడ్డ చప్పుడు.

జాషువా పరిగెత్తాడు. ముళ్ళకొమ్మ ఏదో చెంప గీసింది, ఆగలేదు. బావి గట్టు మీద రెండు ఆకారాలు. ఒకటి తెల్ల స్వెట్టరు. ఇంకొకటి నలుపు, తల నుంచి కాళ్ళదాకా నలుపే, ముఖం లేదు. ఆ నలుపు లేచి నిలబడింది. అతనివైపు వచ్చింది. చెయ్యి చాపింది. చేతిలో ఏదో మెరిసింది.

"తాగండి సార్. పరిగెత్తుకోని వచ్చినారు."

స్టీలు గ్లాసు. నిండా నీళ్ళు.

"మనిషినే సార్," అంది ఆమె, అతను గ్లాసు అందుకోకపోవడం చూసి. నల్ల ముసుగు కాస్త వెనక్కి తీసుకుంది. నలభై అయిదేళ్ళ మనిషి, బుగ్గన పుట్టుమచ్చ, పళ్ళమధ్య సందు. పెర్సిస్ గట్టు మీద తాపీగా కూర్చుని రేగుపళ్ళు తింటోంది.

జాషువా ముందు భార్యని పట్టుకోలేదు. వంగి బావి నోరు తడిమాడు. ఇనప చువ్వలు, అడ్డంగా నిలువుగా, గట్టిగా వెల్డింగు చేసి ఉన్నాయి. చెయ్యి ఆన్చి బలమంతా పెట్టి నొక్కి చూశాడు. కదల్లేదు. పక్కన మోటారు పైపు, దానికో కొళాయి, కొళాయి కింద ఇనప బకెట్టు, గట్టు మీద బోర్లించిన గ్లాసులు. ఇసకలో కూర్చుండిపోయాడు.

ఆమె పేరు ఖమర్ సుల్తానా. రాయచోటి. తోట గేటు దగ్గర కూర్చునే ముసలావిడని చూసుకోవడానికి వచ్చి ఆరేళ్ళైంది. ఆ పల్లెలో హిందీ ఉంది, బెంగాలీ ఉంది, నేపాలీ ఉంది, తెలుగు లేదు. నవంబరులో తోట అవతల తెలుగు మాటలు వినబడితే కలేమో అనుకుందట. నీ వాళ్ళొచ్చినారు, కాసేపు తిరిగిరాపో అని ముసలావిడే పంపించింది. అప్పట్నించీ ప్రతి వాక్‌కీ వీళ్ళ వెనక, చెట్ల వరస అవతలగా నడుస్తూనే ఉంది. అమ్మా, మీది యా ఊరు అని పిలుస్తూనే ఉంది. పిలిచినకొద్దీ జనం అడుగులు తొందరయ్యాయి.

"ఈయమ్మ ఒక్కటే సార్, నిలబడి పలికింది," అంది.

మరి అంకె ఎందుకు చెప్పావని అడిగాడు జాషువా, నీరసంగా.

ఆమె ముసుగు సర్దుకుంది. "అందరూ వరసన చెప్తాంటే... నన్ను గూడా లెక్క పెట్టుకుంటారేమో అనుకుంటి సార్. తప్పు జేసినానా?"

జాషువా గ్లాసందుకుని నీళ్ళు తాగాడు. చల్లగా, కాస్త ఉప్పగా ఉన్నాయి.

"ఈ బావిలో దెయ్యముందని మీ ముసలావిడే చెప్పిందట కదా," అన్నాడు, అదైనా తేల్చుకుందామని.

ఖమర్ సుల్తానాకి ముందు అర్థం కాలేదు. ఏమందో చెప్పించుకుని, రెండుసార్లు నోట్లో అనుకుని, ఒక్కసారిగా నోటికి ముసుగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగిపోయాయి. పెర్సిస్ కూడా మొదలెట్టింది. ఆమెకి సంగతి ముందే తెలిసినట్టుంది.

"మాయ్ అంటే నీళ్ళు సార్. దాయిం అంటే ఎప్పుడూ అని. ఈడ ఎప్పుడూ నీళ్ళుంటాయి, తాగిపోండి అంటాంది ఆయమ్మ. వాళ్ళాయన పేరు మీద పెట్టించింది ఈ కొళాయి. మీరేమో దండాలు పెట్టుకుంటా ఉరుకుతారు. నీ దేశమోళ్ళకి నీళ్ళంటే ఏం బయమే అని నన్నడుగుతాంది. నేనేం జెప్పాల?"

ఇరవై రెండేళ్ళ అరబ్బీ! జాషువా నవ్వాడు. ముగ్గురూ కలిసి, దెయ్యం పట్టినట్టే నవ్వారు. ఆ నవ్వులు పార్కింగుదాకా వినిపించే ఉంటాయి, ఎందుకంటే అక్కడ రెండు కార్లు ఆపాటికే వెళ్ళిపోయాయి.

మిగిలినవాళ్ళ ముందుకి ముగ్గురూ నడిచి వచ్చారు. హెడ్‌లైట్లు పడ్డాయి. అద్దాలు రెండు వేళ్ళ సందు దిగాయి. జాషువా ఉన్నదున్నట్టు చెప్పాడు, మాయ్ అంటే ఏమిటో, దాయిం అంటే ఏమిటో. ఖమర్ సుల్తానా అందరికీ సలాం చేసింది.

తర్వాత మూర్తిగారు ఒంటి చెప్పుతో కిందికి దిగి, "నాకు అప్పుడే అనుమానం వచ్చింది," అన్నాడు. ఎప్పుడో చెప్పలేదు.

సీతాలక్ష్మి కూడా దిగింది. ఆ మనిషిని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏయ్, నువ్వు ఎవరింట్లో చేస్తావ్? వంటొచ్చా? శుక్రవారం నీకు సెలవేగా, మా ఇంటికొచ్చి కిటికీలవీ తుడవకూడదూ?"

ఆ తర్వాత జాషువా వైపు జరిగి, గొంతు తగ్గించి, "ఇదిలా మన వెంటబడి తిరగడం బాగోదు. ఎవరిదో, ఏమిటో," అంది.

వినండి ఈ చోద్యం. పది నిమిషాల కింద అదే మనిషి 'ఆవిడ'. 'ఆ తల్లి'. ఆవిడకి కోపం తెప్పించకూడదు. ఊపిరున్న మనిషని తేలగానే 'ఇది'. చచ్చి దెయ్యమైతే దొరికే మర్యాద, బతికుండి ముసలావిడకి సేవ చేసుకుంటే దొరకదన్నమాట. సీతాలక్ష్మి ఒక్కతేనా? అక్కడున్న ఏ ఒక్కరికీ ఆ మాట చెవిలో గుచ్చుకోలేదు.

ఒకామెకి గుచ్చుకుంది.

"ఆవిడ పేరు ఖమర్ సుల్తానా గారండీ," అంది పెర్సిస్.

గట్టిగా అనలేదు. మే నెల తర్వాత ఆమె సీతాలక్ష్మితో అన్న మొదటి మాట అదే. సీతాలక్ష్మి బిర్యానీ ప్యాకెట్లు పంచడానికి వెళ్ళిపోయింది. ఇరవై మూడు తెచ్చారు, వెళ్ళిపోయినవాళ్ళవి కూడా తలో ఒకటి సర్దుకుని ఇరవై మూడూ పంచుకున్నారు. జాషువా తన ప్యాకెట్ తీసి ఇవ్వబోతే ఖమర్ సుల్తానా వద్దంది. ముసలావిడకి అన్నం పెట్టే వేళైందని, ముసుగు సర్దుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. చీకట్లో ఒంటరిగా, ఏ భయమూ లేకుండా.

కారు అల్ ఖోర్ దాటేసరికి జాషువా ఫోన్ మోగింది. అతను డ్రైవింగులో ఉన్నాడు కాబట్టి పెర్సిస్ చదివింది. మూర్తిగారి మెసేజి. కుటుంబాల సేఫ్టీ దృష్ట్యా, బయటి పనివాళ్ళు వాక్‌లో కలిసిపోవడం మంచిది కాదు కనుక, ఇకనుంచి కంట్రీసైడ్ వాక్‌లు లుసైల్‌లో ఓ మాల్ లోపల జరుగుతాయి. ఫుల్ ఏసీ. పిల్లలకి ఐస్‌క్రీమ్. అప్పటికే పదిహేను బొటనవేళ్ళు పడ్డాయి.

దెయ్యం ఉందనుకున్నన్నాళ్ళూ వణుక్కుంటూనైనా వచ్చారు. మనిషి ఉందని తెలిశాక మానేశారు.

జాషువా స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. అయిపోయింది. వాక్ పోయింది. రేపట్నించి మళ్ళీ ఆ ఫ్లాటు, ఆ తల ఊపడం. ఓరగా ఆమెవైపు చూశాడు. ఒళ్ళో రేగుపళ్ళు పెట్టుకుని ఒక్కొక్కటే తింటోంది, గింజలు చేతిలో పోగుచేస్తోంది.

"వాళ్ళు రాకపోతే పోనివ్వండి," అంది పెర్సిస్. "నేనొస్తానని ఖమర్ అక్కకి చెప్పాను. మీకు డ్యూటీ ఉంటే కారు నాకివ్వండి. లైసెన్సు ఉందిగా."

అతను సరేనన్నాడు. ఇంకేమైనా అంటే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని నోరు మూసుకున్నాడు. కానీ ఒక్క సంగతి తెలుసుకోకుండా ఉండలేకపోయాడు. అంతమంది మాట్లాడించాలని చూశారు. చీకట్లో, ముఖం కూడా కనబడని మనిషి, ఏమని మాట్లాడించింది?

పెర్సిస్ ఇంకో గింజ చేతిలోకి తీసుకుంది.

"ముందు మీది యా ఊరని అడిగింది. తర్వాత పిల్లలెందరని అడిగింది. చెప్పాను, ఇలా పోయిందని. అందరిలా మళ్ళీ పుడతార్లే అంటుందనుకున్నాను." ఆమె గింజలు గుప్పిట్లో బిగించింది. "ఏం పేరనుకున్నారమ్మా, అని అడిగింది."

జాషువా కారు స్లో చేశాడు. వెనక లారీవాడు హారన్ కొట్టి దాటిపోయాడు.

పేరు. ఎనిమిది నెలలుగా ఆమెకి మందులు అందించాడు, తలుపు కట్టేశాడు, షిఫ్టులు మార్చుకున్నాడు, గ్రూపులో వాళ్ళందరినీ వెక్కిరించాడు. ఆ పాపకి ఆమె ఓ పేరు అనుకుని ఉంటుందన్న ఆలోచన అతనికి రాలేదు. ఊళ్ళో దద్దమ్మలందరికన్నా పెద్ద దద్దమ్మ తనే అనిపించింది.

"నాకు చెప్పలేదే," అన్నాడు.

"మీరు అడగలేదు."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. రోడ్డు పక్క దీపాలు ఒకటొకటిగా ఆమె ముఖం మీంచి జారిపోతున్నాయి. అతను ఇప్పుడు అడిగాడు.

"ఏమనుకున్నావు?"

"కెజియా," అంది పెర్సిస్.

జాషువా ఆ పేరు ఒకసారి పైకి అన్నాడు. సరిగ్గా పలకలేదు. ఆమె మళ్ళీ చెప్పింది, నిదానంగా, అతనికి వచ్చేదాకా.